చలిపేట వంటింటి మీదికి దూరగామి

జనవరి 11

మూడో గొట్టం కీలు దగ్గర పేరుకున్న మంచు గీకాను. ఐదో గొట్టానికి వెచ్చటి పట్టీ మార్చాను.

అసలు ఇంతవరకే రాయాలి. "ఇది గొట్టాల మరమ్మతు పుస్తకం, నీ దినచర్య కాదు నూకరత్నం" అని మా పాలనాధికారి మెహరున్నీసా మేడమ్ కిందటేడు ఎర్ర సిరాతో పక్కన రాశారు. కానీ ఈ రోజు జరిగింది గొట్టాలకు సంబంధించిందో కాదో ఇంకా తేలలేదు. తేలేదాకా రాసి పెడతాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రేడియో చూసే ఇమ్మానుయేలు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కంచంలో చెయ్యి పెట్టలేదు.

"రత్నక్కా, ఎవరో వస్తున్నారు."

చలిపేటకు ఎవరూ రారు. నెప్ట్యూన్ చుట్టూ తిరిగే ఈ ట్రైటన్ చందమామ మీద మనుషులున్న ఊరు ఇదొక్కటే, అందులోనూ అరవై నలుగురమే. సరుకుల ఓడ ఏడాదికోసారి వస్తుంది. అది వచ్చి వెళ్ళి ఐదు నెలలే అయింది.

"ఓడేనా?"

"కాదక్కా. ఒట్టి కూత. ఇరవై నిమిషాలకోసారి 'నేనున్నాను, వస్తున్నాను' అని. నేను ఎంత పలకరించినా పలకదు."

"పొగరా?"

"చెవుడనుకుంటా."

జనవరి 13

భూమికి మా మాట చేరడానికి నాలుగు గంటలు, వాళ్ళ మాట రావడానికి నాలుగు గంటలు. మధ్యలో అక్కడి ఆఫీసువాళ్ళు ఆలోచించుకోవడానికి ఒక రోజు. మొత్తానికి జవాబు వచ్చింది.

వస్తున్నది మనిషి కాదు. దూరగామి అనే యంత్రం. నూట యాభై ఏళ్ళ కిందట మనుషులు ఇంత దూరం రాలేక తమ బదులు యంత్రాలను పంపేవారట. అవి ఒక్కో పెద్ద గ్రహం పక్కనుంచి పోతూ పోతూ ఫొటోలు తీసి ఇంటికి పంపేవి. ఆ కాలం యంత్రాల్లో దూరగామి ఆఖరిది, అన్నిటికన్నా నిదానమైనది. ఇంధనం తక్కువ, ఓపిక ఎక్కువ. బయల్దేరిన తొమ్మిదో ఏట దాని మాట ఆగిపోయింది. పోయిందనుకుని అందరూ మర్చిపోయారు. అది మాత్రం మర్చిపోలేదు. సూర్యుడి చుట్టూ పెద్ద పెద్ద చుట్లు తిరుగుతూ, తనకు చెప్పిన ట్రైటన్‌కు ఇప్పటికి దగ్గరపడింది. పోయిన మాట కూడా ఎలాగో తిరిగొచ్చింది.

మేము ఇక్కడికి పద్నాలుగు నెలల్లో వచ్చాం. దారిలో ఎక్కడో దాన్ని దాటేసే ఉంటాం, ఎడ్లబండిని బస్సు దాటినట్టు, చూడను కూడా చూడకుండా.

జవాబు కింద ఇలా ఉంది: "ఇది జాతి సంపద. దీనికి ఎలాంటి హానీ కలగకుండా, తన విధిని అది పూర్తి చేసుకొనేలా స్థానికులు సహకరించగలరు. ఇట్లు, ఉప సంరక్షకుడు, పురాతన వ్యోమయంత్రాల రక్షణ శాఖ."

మేడమ్ ఆ రాత ప్రతిని భోజనశాల గోడకు అంటించారు. దూరగామి ఫిబ్రవరి 20న చేరుతుంది. ఊళ్ళో అందరికీ సంబరంగా ఉంది. వంటామె అప్పలకొండ అత్త ఆ రోజు పాయసం చేస్తానంది.

జనవరి 16

సంబరం అయిపోయింది.

దూరగామి పాత కాగితాలు భూమినుంచి వచ్చాయి. నలభై ఆరు పేజీలు. ఇమ్మానుయేలు రెండు రోజులు కూర్చుని చదివాడు. ఈ రోజు మేడమ్ అందరినీ భోజనశాలలో కూర్చోబెట్టి అతన్ని మాట్లాడమన్నారు.

"ఇది పక్కనుంచి పోయే రకం కాదండీ. దిగే రకం. ఆ రోజుల్లో ట్రైటన్ మీద ఊటలు ఎగజిమ్మడం దూరంనుంచి చూశారు. దగ్గరకెళ్ళి వాటిని రుచి చూడాలని దీన్ని చేశారు. ఎక్కడ దిగాలో దానికి ముందే ఎలా చెప్పగలరు? అందుకని దానికి వెచ్చదనాన్ని చూసే కన్నొకటి పెట్టారు. కిందకి చూస్తుంది. అన్నిటికన్నా వెచ్చగా ఎక్కడుంటే అక్కడ దిగుతుంది."

ఒక్కొక్కరుగా తలలు వంటింటివైపు తిరిగాయి.

చలిపేట అంతా మంచు కిందే ఉంటుంది. వంటిల్లు ఒక్కటే పైన, ఇనప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. కింద పెడితే దాని వేడికి మంచు కరిగి ఊరు కుంగుతుందని కట్టినవాళ్ళు అలా కట్టారు. ట్రైటన్ మీద దాన్ని మించిన వెచ్చని చోటు లేదు. దాని కాళ్ళ మధ్యనుంచే ఊరి గాలి గొట్టం, నీటి గొట్టం రెండూ దిగుతాయి. దూరగామి దిగేటప్పుడు కిందికి మంట ఊదుతుంది. ఆ మంట గొట్టాలకు తగిలితే ఏడు నెలల తర్వాత వచ్చే ఓడకు ఇక్కడ సరుకు దించుకునేవాళ్ళు ఉండరు.

కాబట్టి ఇది గొట్టాల సంగతేనని తేలింది. ఇక నిర్భయంగా రాస్తాను.

అప్పలకొండ అత్త లేచి నిలబడింది. విజయనగరం దగ్గర పుట్టింది, అరవై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళు ఇక్కడున్నా ఆమె యాసకు ఇక్కడి చలి అంటలేదు.

"నా వంటింటి మీదా? అదేటి, మా ఇంటల్లుడా, తిన్నగా వంటింట్లోకొచ్చీడానికి?"

"దానికి చెప్పడానికి లేదత్తా, చెవి పనిచెయ్యదు" అన్నాడు ఇమ్మానుయేలు.

"అయితే నువ్వే ఎదురెళ్ళి మళ్ళించు."

మా దగ్గరున్న ఎగిరే బండి ఒక్కటే. అది రెండేళ్ళుగా ఒక విడిభాగం కోసం ఎదురుచూస్తోంది.

జనవరి 19

మేడమ్ భూమికి రాసినది: "యంత్రం మా వంటింటి మీద దిగబోతోంది. ఏం చెయ్యమంటారు?"

ఉప సంరక్షకుడు రాసినది: "వంటింటిని వేరే చోటికి మార్చే అవకాశాన్ని పరిశీలించగలరు."

దీన్ని మేడమ్ గోడకు అంటించలేదు.

జనవరి 22

పొయ్యిలు ఆపేస్తే సరిపోతుందేమోనని లెక్క వేశాం. సరిపోదు. ఊరిని నడిపే వేడి కొంత ఎలాగూ ఆ గదిలోకే వస్తుంది. దాన్ని మూడు గంటలకు మించి ఆపితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి. చుట్టూ సున్నాకింద రెండువందల ముప్పై అయిదు డిగ్రీలున్న చోట, చల్లారిన వంటిల్లు కూడా కుంపటే.

మధ్యాహ్నం అన్నం వడ్డించుకుంటూ పెద్ద బాయిలరుకు మోచెయ్యి తగిలించుకున్నాను. చుర్రుమంది. అత్త నీళ్ళు పోస్తూ, "ఒళ్ళు సూసుకోనక్కర్లేదేటే? అది మూడొందల లీటర్ల బాయిలరు. రేపటిదాకా సల్లారదు" అంది.

నేను కంచం అక్కడే వదిలేసి మేడమ్ దగ్గరకు పరిగెత్తాను.

ఊరిని చల్లబరచలేకపోతే, ఊరికన్నా వేడిగా ఇంకోటి పెట్టాలి. నాలుగు కిలోమీటర్ల దూరంలో చదునైన మంచు మైదానం ఉంది. వంటింటి బాయిలర్లు మూడూ అక్కడ పెట్టి, వాటి తొడుగులు విప్పేస్తే, పైనుంచి చూసేవాళ్ళకు అవే అన్నిటికన్నా వెచ్చగా కనిపిస్తాయి. సరిగ్గా ఆ సమయానికి ఇక్కడ మూడు గంటలు అన్నీ ఆపేస్తాం.

మేడమ్ అంతా విని, "అత్తని అడిగావా?" అన్నారు.

జనవరి 23

అడిగాను. ఆమె అన్నది రాయదగ్గది కాదు.

జనవరి 25

అత్త ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"పొయ్యిలాపీమన్నారు, ఆపేత్తాను. బాయిలర్లు కావాలన్నారు, ఇచ్చేత్తాను. మరి ఆ పొద్దు అరవైనాలుగు మంది ఏటి తింటారు, గాలా? నాను పొద్దున్నే పప్పుచారు కాసి ఒక బాయిలర్లో పోసి మూతెట్టేత్తాను. మీరు దాన్ని బయటెడతారో, నెత్తినెట్టుకుంటారో మీ ఇట్టం. ఆ ముసలిది దిగిపోయాక మళ్ళీ నా బాయిలరు, నా చారు, నా ఇంటికొచ్చీయాల. నాను కూడా ఎనకాలే వొత్తాను."

మిగతా రెండింట్లో వేడి నీళ్ళు పొయ్యాలని తీర్మానించాం.

ఫిబ్రవరి 6

బాయిలర్లు మోసుకెళ్ళే సాధన చేశాం. ఇక్కడ బరువు చాలా తక్కువ. నిండు బాయిలరును ఇద్దరం అవలీలగా ఎత్తి మంచు బండి మీద పెట్టాం. నెడితే కదిలింది. కదిలాక ఆగలేదు. బరువు తగ్గినంత మాత్రాన ఊపు తగ్గదని నేను మర్చిపోయాను. మైదానం దాటి మరో అర కిలోమీటరు పోయింది. బాయిలరు పట్టుకోవడానికి బండెక్కిన అప్పలకొండ అత్త కూడా దాంతోపాటు పోయింది. రేడియోలో ఆమె గొంతు దూరమవుతున్నకొద్దీ తగ్గలేదు.

బండికి వెనకాల ఈడ్చుకొచ్చే లంగరు చేశాను. ఆరో గొట్టం పాత కీలు అందుకు వాడాను. స్టోరు పుస్తకంలో రాసుకోగలరు.

ఫిబ్రవరి 18

దూరగామి ఇప్పుడు దుర్భిణిలో కనిపిస్తోంది. అందరం వంతులవారీగా చూశాం. కబురు పంపే పెద్ద గిన్నె ఒకటి, దాని కింద ఒక డబ్బా, నాలుగు కాళ్ళు, ఒక కాలు కొంచెం వంకర. ఏదో రాయి కొట్టినట్టుంది.

"పాపం" అంది అత్త. వెంటనే, "అయినా నా వంటింటి మీదికి రానివ్వను" అంది.

ఉప సంరక్షకుడి నుంచి మరొకటి వచ్చింది: "యంత్రం దిగే సమయంలో పాలనాధికారి స్వయంగా హాజరై స్వాగత వచనాలు పలకవలెను. ప్రతి జతచేయడమైనది." రెండు పేజీల స్వాగతం. దానికి చెవి లేదని ఇప్పటికి మూడుసార్లు రాశాం.

ఫిబ్రవరి 20

ఇది సాయంత్రం రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి మైదానంలో బాయిలర్లు దించాం. నేను, మేడమ్, అత్త, ఇంకో ఆరుగురు. ఇమ్మానుయేలు ఊళ్ళో రేడియో దగ్గర ఉన్నాడు. పదింటికి ఊరి వేడి ఆపించాను. పదిన్నరకు తొడుగులు విప్పాం. ఎక్కువమంది ఉంటే ప్రమాదమని ఆ ఆరుగురినీ బండి మీద పంపేశాం. మేము ముగ్గురం రెండువందల అడుగుల దూరంలో, పైకప్పులా ముందుకు వాలిన మంచు గుట్ట చాటున నిలబడ్డాం.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా నల్లటి ఆకాశంలో చిన్న నీలం మంట కనిపించింది. చప్పుడు లేదు, ఇక్కడ గాలే లేనంత పలచన. ఇమ్మానుయేలు అది పంపే మాటలు చదివి చెబుతున్నాడు.

"కన్ను తెరిచింది... వెతుకుతోంది... వెచ్చని చోట్లు ఐదు కనిపించాయంట."

"ఐదా?" అన్నాను. మూడు బాయిలర్లు, ఒక వంటిల్లు. "ఐదోది ఏది?"

అప్పటికి మేడమ్ గుట్ట చాటునుంచి బయటకు వెళ్ళిపోయారు. స్వాగతం చదవడానికి. మా బయటి దుస్తులకు వీపు మీద వేడి పెట్టె ఉంటుంది. అది పైనుంచి చూస్తే ధగధగ మండే బిళ్ళలా ఉంటుందని నాకు ఆ క్షణంలోనే తట్టింది.

నీలం మంట బాయిలర్ల మీదినుంచి పక్కకు జరిగింది. మేడమ్ వైపు.

"మేడమ్, వెనక్కి రండి!"

ఆమె తల ఎత్తి చూసి పరిగెత్తారు. ఇక్కడ పరుగంటే ఒక్కో అడుగుకు ఇరవై అడుగుల గెంతు. దూరగామి ఆమె వెనకే తిరిగింది. ఆమె కుడికి గెంతితే కుడికి, ఎడమకు గెంతితే ఎడమకు. నూట యాభై ఏళ్ళు ఆగి ఆగి వచ్చిన యంత్రానికి తను వెతుకుతున్న ఊట పరిగెత్తడం చూసి ఏమనిపించిందో.

"అది నన్నెందుకు తరుముతోంది రత్నం?"

"మీరు వెచ్చగా ఉన్నారు మేడమ్! పడుకోండి! వెల్లకిలా పడుకోండి! వేడి పెట్టె కిందికి పోవాలి!"

"పాలనాధికారిని నేను, ఈ మంచులో..."

"పడుకోయే తల్లీ!" అని అత్త అరిచింది.

మేడమ్ పడుకున్నారు. స్వాగతం కాగితాలు ఎగిరి నెమ్మదిగా ఆమె మీదే వాలాయి. మంట ఆమెకు నూరు అడుగుల పైన ఆగింది. ఇంధనం అయిపోతోందని ఇమ్మానుయేలు అంటున్నాడు. ఎనిమిది సెకన్లు, ఏడు. ఆ పైన ఉన్నది ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినదానిలా మళ్ళీ బాయిలర్ల వైపు తిరిగింది.

మూడింట్లో ఏది ఎక్కువ వేడి? అత్త పొయ్యి మీదినుంచి ఆఖరున దించింది. పప్పుచారు.

దాని పక్కనే, అయిదారు అడుగుల్లో, కాళ్ళు నాలుగూ ఆనించింది. వంకర కాలు కొంచెం దిగబడింది. మంట ఆరింది. దిగింది!

మేడమ్ లేచారు. ముగ్గురం ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. అప్పుడు దూరగామి పొట్టలోంచి పొడుగాటి చెయ్యి బయటికి వచ్చింది. చివర బరమా.

"ఏటది? ఏటి సేత్తాదది?" అంది అత్త.

"రుచి చూడాలి కదత్తా. తొలుస్తుందేమో."

"నా బాయిలరునా?"

ఆమెను ఆపడానికి నాకు, మేడమ్‌కు ఇద్దరికీ బలం చాలలేదు. కానీ ఆమె చేరేలోపే బరమా మూత మీద ఆని తిరిగింది. నూట పది డిగ్రీల పప్పుచారు, బయట గాలి లేదు. మూతకు చిల్లి పడగానే పసుపుపచ్చటి ధార ఒకటి నిట్టనిలువుగా లేచింది. మూడు వందల అడుగులు ఉంటుంది, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ ఎత్తున ముక్కలై, గడ్డకట్టి, నెమ్మదిగా రాలడం మొదలుపెట్టింది. పచ్చటి మంచు. అందులో కరివేపాకు. మా తలల మీద, భుజాల మీద, నెప్ట్యూన్ నీలం వెలుగులో.

దూరగామి ఇంకో చిన్న గిన్నె చాపి కొంచెం అందుకుంది.

"నా చారు" అంది అత్త, మెల్లగా.

పది నిమిషాల తర్వాత ఇమ్మానుయేలు చదివాడు. "నీళ్ళు ఉన్నాయి. ఉప్పు ఉంది. కర్బనం ఉంది. పులుపు ఉంది. పెద్ద పెద్ద జీవపదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయంట. 'ప్రాణం ఉండే అవకాశం ఎక్కువ' అని భూమికి పంపేసింది అక్కా. ఇంకోటి కూడా చెబుతోంది. 'పని పూర్తయింది. తర్వాత ఏం చెయ్యాలి?' అని. నిమిషానికోసారి అడుగుతోంది."

అత్త నావైపు తిరిగింది. "ఏటంటాది?"

"పని అయిపోయిందట. ఇప్పుడేం చెయ్యమంటారని అడుగుతోంది."

"ఎవులైనా సెప్పండి మరి."

"వినపడదత్తా. బ్యాటరీ కూడా రెండు గంటలే ఉందట."

తిట్టడానికని దగ్గరకు వెళ్ళిన మనిషి దాని ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది. నెత్తిమీది పెద్ద గిన్నె నిండా చిల్లులు. పక్కన రంగు పోయిన చోట ఎవరో గీసిన పేరు అక్షరాలు, చదవరానివి. అత్త ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి తిరిగి, దాని వెచ్చదనం చూసే కంటికి తన వీపు ఆనించి కూర్చుంది.

"అక్కా, ఏం చేశారు?" అన్నాడు ఇమ్మానుయేలు. "అడగడం ఆపింది."

"ఏమంటోంది?"

"'వెచ్చగా ఉంది. చూస్తున్నాను' అంటోంది."

వంటింటి వేడి తిరిగి వదలమని ఊళ్ళోవాళ్ళకు చెప్పాను. బండి మీద పంపినవాళ్ళు తిరిగి వచ్చారు, ఇంకా కొంతమంది వచ్చారు. వేడి పెట్టెలు అయిపోతున్నకొద్దీ మార్చుకుంటూ ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. మేడమ్ కూర్చున్నప్పుడు స్వాగతం రెండు పేజీలూ పైకి చదివారు. ఒకటి పది దాటాక అది మాట్లాడటం మానేసింది. అప్పుడు వీపు ఆనించి ఉన్నది నేను. ఏమీ తెలియలేదు. ఇమ్మానుయేలు చెప్పాక కూడా కాసేపు లేవలేదు.

మధ్యాహ్నం అందరం ఉత్త అన్నం, ఊరగాయ తిన్నాం.

ఫిబ్రవరి 22

దూరగామి కబురు మాకన్నా ముందు భూమికి చేరింది. ఉప సంరక్షకుడి ఉత్తర్వు: "ట్రైటన్ మైదానంలో ప్రాణం ఉన్న ఊట బయటపడినందున, ఆ చోటికి ఐదు కిలోమీటర్లలోపు ఎవరూ ప్రవేశించరాదు. ఊట స్వభావంపై వెంటనే నివేదిక పంపగలరు."

మా ఊరు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.

"నా బాయిలరక్కడే ఉంది" అంది అత్త.

నివేదిక నన్ను రాయమన్నారు మేడమ్, గొట్టాల మనిషిని కాబట్టి. ఊట స్వభావం నాకేం తెలుసు? అత్తని అడిగాను. ఆమె గిన్నెలు తోముకుంటూ చెప్పింది, నేను రాశాను. కందిపప్పు మెత్తగా ఉడకబెట్టి మెదపాలి. చింతపండు పలచగా పిసికి పొయ్యాలి. ములక్కాడ, ఉల్లిపాయ, పచ్చిమిరప. బెల్లం ముక్క చిన్నది, వేశారా అని ఎవరడిగినా వేశామని చెప్పకూడదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకుతో పోపు. ఊట ఎగజిమ్మడానికి కారణం: మూత మీద బరమా.

మేడమ్ సంతకం పెట్టి పంపారు.

ఫిబ్రవరి 23

మామూలుగా ఒక రోజు ఆలోచించుకునే ఆఫీసు నుంచి ఎనిమిదిన్నర గంటల్లో జవాబు వచ్చింది. ఉత్తర్వు సంఖ్య లేదు. 'గలరు' లేదు. శాఖ పేరూ లేదు, ఉప సంరక్షకుడు తన సొంత పేరే రాశాడు. ఒకే ఒక్క వాక్యం: "పోపులో ఇంగువ వేశారా? జగ్గప్ప."

నేను ఆ కాగితం వంటింట్లోకి తీసుకెళ్ళాను. అత్త కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. వెనక్కి ఇచ్చేస్తూ అంది:

"ఈ మడిసికి ఎవులూ అన్నం ఎట్టినట్టు లేరే, రత్నం."